పిగిలిపిట్ట ఈకలు, బుల్‌బుల్ పాట

ఒమన్‌లో ‘బుల్‌బుల్’ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పిట్టలు తిరుగుతుంటాయి. మూడూ ఇంచుమించు 20 సెంటీమీటర్ల పొడవువే. మూడింటికీ తల నలుపు, ఒళ్ళు గోధుమ, బూడిద రంగుల కలయిక. ఆడ, మగ తేడా ఈకల్లో కనిపించదు. జాతుల మధ్య తేడా ప్రధానంగా ముఖం మీదా, తోక కిందా ఉంటుంది. హజర్ పర్వతాల వాదీల్లోనూ, దక్షిణాన దోఫార్‌లోనూ కనిపించే పిట్టకు కంటి చుట్టూ తెల్లని వలయం, తోక కింద పసుపు. రెండవదానికి చెంపలు తెలుపు, తోక కింద పసుపే. మూడవదానికి తలపై పొట్టి కుచ్చు, వీపు మీదా రొమ్ము మీదా పొలుసుల్లాంటి లేత అంచులు, తోక మొదట్లోనూ కొసనూ తెలుపు, తోక కింద చిక్కని నెత్తురెరుపు. ఈ మూడవది తెలుగువారికి కొత్త కాదు. దాని పేరు పిగిలిపిట్ట.

ఈ పేరు చదువుకున్నవారి తెలుగులోంచి దాదాపు జారిపోయింది. దాని స్థానంలో ‘బుల్‌బుల్’ కూర్చుంది. పేరు మారినంతమాత్రాన పిట్టకు వచ్చే నష్టమేమిటని అడగవచ్చు. పిట్టకు నష్టమేమీ లేదు. నష్టపోయింది వర్ణన.

పారశీక కవిత్వంలో గులాబీకోసం విలపించే బుల్‌బుల్ మన పెరటి పిట్ట కాదు, ఇంగ్లీషువారి నైటింగేల్. దానికి కుచ్చు లేదు, ఎరుపు లేదు. మట్టిరంగు ఒళ్ళు, కాస్త ఇటుకరంగు తోక, అంతే. పొదల్లో దాగి రాత్రి పాడే ఆ పిట్టకు కవిత్వంలో గొంతే తప్ప దేహం అక్కరలేకపోయింది. భారతదేశంలో అదే పేరు పొందిన పిట్ట కథ పూర్తిగా వేరు. అది పగలు, నలుగురి కళ్ళెదుట, కొమ్మ కొసన కూర్చుంటుంది. దాన్ని పాట కోసమే కాదు, పందేల కోసమూ పెంచారు. అస్సాంలోని హాజోలో బిహు పండుగనాటి బుల్‌బుల్ పందేలు ప్రసిద్ధం. ఉమర్ ఖయ్యాంను దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చారు. ఖయ్యాం తోటలో ‘బుల్‌బుల్’ అన్న మాట ఎదురైతే తెలుగు పాఠకుడి మనసులో వాలేది మాత్రం పెరట్లో జామపళ్ళు పొడిచే ఈ పిట్టే. గొంతు ఒకదానిది, రూపం మరొకదానిది.

ఇంగ్లీషు దారిన వచ్చినప్పుడు ఇదే నైటింగేల్ కోకిల అయింది. సరోజినీ నాయుడుకు ‘భారత కోకిల’ బిరుదు అలా దక్కింది. బిరుదుగా ఈ అనువాదాన్ని తప్పు పట్టలేం. అక్కడ కావలసింది ఆ పిట్టకు తన సంస్కృతిలో ఉన్న గౌరవం, ఆ గౌరవం మనకు కోకిలలోనే ఉంది. కానీ రెక్క, కన్ను, రంగు వర్ణించవలసిన చోట ఈ సౌకర్యం చెల్లదు. మగకోకిల నిగనిగలాడే నలుపు, కళ్ళు ఎరుపు. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలు. కవిత్వంలో పాడేది తరచు కోకిలమ్మ, తోటలో ‘కుహూ’ అనేది మగది. పైగా శాస్త్రీయ వర్గీకరణలో కోకిల పాటపక్షుల శ్రేణిలోకే రాదు, పిగిలిపిట్ట వస్తుంది.

పాత నిఘంటువులు చాలా పిట్టలకు ‘పక్షివిశేషము’ అన్న ఒక్క అర్థంతో సరిపెట్టాయి. అదే కాలంలో ఒక ఆంగ్లేయ వైద్యుడు వేరే పని చేశాడు. మద్రాసు సైన్యంలో సర్జన్‌గా చేరిన టి. సి. జెర్డన్ కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. 1862-64లో వెలువడిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ముక్కు, కాళ్ళు, తల, రొమ్ము, తోక వరుసగా వస్తాయి, రోగి ఒంటిని పరీక్షించి రాసిన కేసు షీటులాగా. పక్కనే స్థానికులు చెప్పిన పేర్లు: తెలుగులో పిగిలిపిట్ట, చెంపన ఎర్రమచ్చ, నిటారు కుచ్చు ఉన్న దాని బంధువుకు తురక పిగిలిపిట్ట. ‘పానశాల’ కవిదీ నెల్లూరు సీమే కావడం యాదృచ్ఛికం. జెర్డన్ పద్ధతిలో అలంకారం లేదు. అయినా ఆ వర్ణన చదివినవాడు పిట్టను గుర్తుపట్టగలడు. తెలుగు వచనం ఆ పరీక్షకు తరచు నిలబడదు.

అలాగని శాస్త్రనామాలు నిర్దోషులని కాదు. ఈ పిట్ట దక్షిణాఫ్రికా కొసనున్న గుడ్‌హోప్ అగ్రం నుంచి వచ్చిందన్న పొరపాటు సమాచారంతో లిన్నేయస్ 1766లో దానికి ‘కాఫెర్’ అన్న పేరు పెట్టాడు. అవిశ్వాసి అన్న అర్థమున్న అరబ్బీ ‘కాఫిర్’ నుంచి వచ్చి, ఆఫ్రికన్లకు తిట్టుగా మారిన మాట అది. ఇదే మూలం నుంచి వచ్చిన మొక్కల పేర్లను సవరించాలని 2024లో మాడ్రిడ్‌లో వృక్షశాస్త్రజ్ఞులు తీర్మానించారు. పక్షి పేరు మాత్రం అలాగే ఉంది. మన పల్లెల్లో ఒక పిగిలి తురక, స్వీడన్ పండితుడి చేతిలో ఇంకొకటి కాఫిర్! పిట్టల ఈకలకంటే మనుషుల గొడవలే ఈ పేర్లలో ఎక్కువ కనిపిస్తాయి.

ఒమన్‌లో తోక కింది రంగు మరో పని కూడా చేస్తుంది, పిట్ట చరిత్ర చెబుతుంది. కంటివలయం పిట్ట అక్కడి సొంతబిడ్డ. తెల్లచెంపల పిట్ట స్వదేశం ఇరాక్ నుంచి వాయవ్య భారతం దాకా ఉంది. గల్ఫ్ నగరాల్లో అది విస్తరించడానికి పంజరాల వ్యాపారం దోహదం చేసింది. పిగిలిపిట్ట కూడా పంజరంలో వచ్చి తప్పించుకున్నదే. దీన్ని గల్ఫ్ వలసకూలీకి ప్రతీకగా వాడాలన్న కోరిక ఏ రచయితకైనా కలుగుతుంది. ఆ పోలిక కుదరదు. కూలీ అప్పు చేసి, వీసా కొనుక్కుని, తిరిగి రావాలని వెళతాడు. పిట్టను పట్టి అమ్మారు, అది తప్పించుకుని గూడు కట్టి స్థిరపడింది. పైగా ప్రకృతి పరిరక్షణ సంస్థల ‘100 అతి హానికర చొరబాటు జాతుల’ జాబితాలో ఉన్న మూడు పక్షుల్లో ఇది ఒకటి, మిగతావి గోరింక, యూరప్ స్టార్లింగ్. ఎరుపు, పసుపు పిట్టలు జతకట్టి కన్న సంకరజాతి పిల్లలూ ఉన్నాయి. వాటి తోక కింది రంగు రెంటికీ నడుమ ఉంటుంది. ప్రతీక కోసం వెతికే కన్ను ఈ నారింజరంగును చూడదు.

ఆ రంగును కూడా తొందరపడి నమ్మరాదు. పిల్లపిట్టల్లో ఎరుపు వెలిసినట్టుంటుంది. పొలుసు అంచులు కొత్త ఈకల్లో స్పష్టంగా ఉండి, నెలలు గడిచేకొద్దీ అరుగుతాయి. అందువల్ల మంచి వర్ణనలో వయసూ నెలా కూడా ఉండాలి.

ఈ మూడింటికీ తెలుగులో విడివిడిగా పేర్లు పెట్టడం కష్టం కాదు. మూడవది పిగిలిపిట్టగానే ఉండవచ్చు. కంటివలయం ఉన్నదాన్ని కళ్ళజోడు పిగిలి అనీ, రెండవదాన్ని తెల్లచెంప పిగిలి అనీ అనవచ్చు. బంధుత్వానికి ఒక మాట, గుర్తుకు ఒక మాట: నెల్లూరు వైద్యుడికి ‘తురక పిగిలిపిట్ట’ అని చెప్పినవారు పాటించిన పద్ధతి ఇదే.