ఫిన్‌లాండ్ సరే, పేట బడి సంగతేంటి?

విద్యను బాగుచేయడం గురించి మన ప్రభుత్వాలు మాట్లాడినప్పుడల్లా ఏదో ఒక దేశం పేరు వస్తుంది. ఒకసారి సింగపూర్, ఒకసారి ఫిన్‌లాండ్. 2021లో ఆంధ్రప్రదేశ్ బడుల కోసం ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2024 జనవరిలో అప్పటి ప్రభుత్వం, జెనీవాలో పుట్టిన ఇంటర్నేషనల్ బాకలారియెట్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది. సీబీఎస్ఈలోకి మార్చిన వెయ్యి ప్రభుత్వ బడులు తిరిగి రాష్ట్ర బోర్డులోకి వచ్చాయి. పాలకులు మారారు గాని పోల్చే పద్ధతి మారలేదు. ఈ పోలికల్లో పరీక్ష ఉంటుంది, ర్యాంకు ఉంటుంది, బెంచీ ఉంటుంది. ఎవరి పిల్లలు ఎవరి పక్కన కూచుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఉండదు. కులం ఉన్న దేశంలో ఆ ప్రశ్న వదిలేసి చేసే పోలిక సగం పోలికే అని మేము భావిస్తున్నాం.

ముందు ఫిన్‌లాండ్‌నే తీసుకుందాం. అక్కడ ఒకప్పుడు పదకొండేళ్ళ వయసుకే పిల్లల్ని విడగొట్టేవారు. కొందరు పైచదువుల బడికి, మిగతావాళ్ళు పనిపాటలకు దారితీసే బడికి. 1968లో చట్టం చేసి ఈ రెండు దారుల్నీ రద్దుచేశారు. అందరికీ తొమ్మిదేళ్ళ ఉమ్మడి బడి అన్నారు. 1972లో ఉత్తరాన వెనకబడిన లాప్‌లాండ్‌లో మొదలుపెట్టి, 1977 నాటికి రాజధాని ప్రాంతానికి వచ్చారు. ప్రైవేటు బడుల్లో ఎక్కువ భాగం స్థానిక ప్రభుత్వాల కిందికి వచ్చాయి. అక్కడి మార్కుల్ని ప్రపంచం మెచ్చుకున్నది 2001లో, అంటే సుమారు ముప్పై ఏళ్ళ తరువాత. ఈమధ్య ఆ మార్కులూ తగ్గాయి. ర్యాంకు చూసి వెళ్ళినవాళ్ళు ఇక ఇంకో దేశం వెతుక్కుంటారు. వెనకబడిన చోట మొదలుపెట్టి అందర్నీ ఒక బళ్ళో కూచోబెట్టిన సంగతి మన అధికారుల చెవికి ఎక్కనే లేదు.

ఇప్పుడు కోనసీమకి వద్దాం. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగంలోకి రావడం అందులో కథ. పశువుల కాడికి పోయే పిల్లాణ్ణి బడికి పంపాలన్న కోరికను ఆ నాటకం పేటపేటకీ మోసుకెళ్ళింది. పాలేరు కుర్రాడు బళ్ళో అడుగుపెట్టగలడా అన్నది నాటి ప్రశ్న. వెళ్ళిన బళ్ళో ఇంకా ఎవరున్నారన్నది ఈనాటి ప్రశ్న. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఎవర్ని అడిగినా చెప్తారు: పొద్దున్నే ప్రైవేటు బడి బస్సు ఊళ్ళోకి వస్తుంది. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతారు. మిగిలినవాళ్ళది పేట బడి. మన పిల్లలు లోపలికి వచ్చేసరికి వాళ్ళ పిల్లలు బయటికి వెళ్ళిపోయారు. గేటు తెరిచే ఉంది, అంటరానితనం మాత్రం బస్సెక్కింది.

2019లో మొదలైన 'నాడు–నేడు'తో బెంచీలు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు వచ్చాయి. వరండాలో, నేల మీద విడిగా కూచుని చదువుకున్న తరాల వారసులకు బెంచీ రావడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో మాకు పేచీ ఉంది. కాని బెంచీ మీద పక్కన ఎవరూ లేనప్పుడు అది పూర్తి న్యాయం కాదు.

మన పోలికల్లోకి ఎన్నడూ రాని దేశం జపాన్. వస్తే దాని రైళ్ళు వస్తాయి, దాని బురాకుమిన్లు రారు. వాళ్ళు అక్కడి అంటరానివాళ్ళు. 1871లో చట్టం వాళ్ళని సమానులంది, 1872లో అందరికీ చదువంది. అయినా చాలాచోట్ల వాళ్ళ పిల్లల్ని వేరే బడుల్లోకే నెట్టారు. 1922లో వాళ్ళు సొంత సంఘం పెట్టుకున్నారు. 1961లో కోచి నగరంలోని నాగహామా అనే చోట తల్లులు రాజ్యాంగం చదివారు. నిర్బంధ విద్య ఉచితమని అందులో ఉంది, మరి పాఠ్యపుస్తకాలు మేమెందుకు కొనాలి, కొనం అన్నారు. ఆ పోరాటం దేశమంతా పాకింది. 1963లో చట్టం వచ్చింది. 1969 నాటికి ప్రాథమిక, మాధ్యమిక బడుల పిల్లలందరికీ, ఏ ఇంటి పిల్లలైనా, పుస్తకాలు ఉచితమయ్యాయి. అంటరానివాళ్ళ వాడలో పుట్టిన కోరిక దేశం మొత్తానికీ హక్కయింది.

మన రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్ళలో, అంటే 1960 నాటికి, పద్నాలుగేళ్ళ దాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలంది. అది హక్కుగా అమల్లోకి వచ్చేసరికి 2010 అయింది. నాగహామా తల్లులు కొనం అన్నారు. మన పేటల తల్లులు ఎందరో కువైట్ వెళ్ళి, అక్కడ ఇళ్ళల్లో పాచిపని చేసి, ఇక్కడ కాన్వెంటు ఫీజు కడుతున్నారు. ఆ తల్లుల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ ఫీజు వాళ్ళు కట్టాల్సిన పరిస్థితి తెచ్చిందెవరన్నదే మా ప్రశ్న.

ఇక్కడ చిలీని కూడా గుర్తుచేయాలి. 1981లో సైనిక ప్రభుత్వం అక్కడ బడికి కాకుండా పిల్లవాడి వెంట డబ్బు పంపింది, ప్రైవేటు బడైనా సరే అంది. బడులు డబ్బున్నవాళ్ళవి, లేనివాళ్ళవిగా చీలిపోయాయి. విద్యార్థులు 2006లోనూ, 2011లోనూ వీధుల్లోకి వచ్చారు. 2015లో, సర్కారు సొమ్ము తీసుకునే బడులు పిల్లల్ని ఏరుకోకూడదు, లాభాలు తీయకూడదు అని చట్టం తెచ్చుకున్నారు. మన 'అమ్మ ఒడి' 2020లో, 'తల్లికి వందనం' 2025లో మొదలయ్యాయి. రెండూ ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వర్తించేవే. తల్లి చేతికి డబ్బు రావడాన్ని మేము స్వాగతిస్తాం. కాని ఆ డబ్బు ఫీజుగా ఎటు పోతోందో అడగకుండా ఉండలేం.

2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ అమలాపురంలో జరిగిన ఆందోళనలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. చదువుకు పేరున్న సీమ ఇది. వేర్వేరు బడుల్లో పెరిగిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారన్నది ఉపాధ్యాయులు ఆలోచించాల్సి ఉంది.

ఉమ్మడి పొరుగు బడి కావాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. దానికి విదేశీ సలహాదారు అక్కర్లేదు. సంఘాల కార్యకర్తలూ విద్యార్థులూ ముందుగా చేయగల పని ఒకటుంది. మీ మండలంలో ఏ కులం పిల్లలు ఏ బడికి పోతున్నారో ఊరూరా లెక్క తీయండి. సర్పంచి, పంతులు, ఎమ్మెల్యే పిల్లలు ఎక్కడ చదువుతున్నారో అందులో రాయండి. ఆ కాగితం పట్టుకుని అడుగుదాం. ఫిన్‌లాండ్‌తో పోలిక అక్కడ మొదలవుతుంది.