పేలవం అన్న మాట: సూరత్ నేపథ్యంలో ఒక పరిశీలన

మెప్పించని వస్తువును పేర్కొనడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. చప్పన, పేలవం, నిస్సారం, పస లేదు, ఆనలేదు, తేలిపోయింది, అంతంతమాత్రం, ఫర్వాలేదు - గ్రంథ సమీక్షల నుండి పెళ్లి భోజనాల వరకు వీటితోనే మన వ్యవహారం సాగుతున్నది. అయినప్పటికీ నిందకూ ప్రశంసకూ నడుమనున్న ఈ పదజాలాన్ని మన విమర్శ తగినంత శ్రద్ధతో పరిశీలించినట్లు తోచదు. ఉద్యోగరీత్యా సూరత్ నగరానికి వెళ్లినపుడు ఈ విషయం నా మనస్సులో మెదిలింది. ఆ నగరం పేరే ఒకానొక కాలంలో ఇటువంటి మాటగా చెలామణి అయింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం ఆరంభమై, దక్షిణాది రేవుల దిగ్బంధం వలన ఇంగ్లండుకు పత్తి రావడం దాదాపు ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు భారతీయ పత్తిని ఆశ్రయించక తప్పలేదు. పశ్చిమ భారతం నుండి వచ్చే పత్తికంతటికీ అక్కడ 'సూరత్' అనే పేరు. నిజానికి అప్పటికే ఎగుమతి వ్యాపారం బొంబాయికి తరలిపోయింది. 1613లో ఆంగ్లేయుల వర్తక స్థావరం వెలసిన నాటి ప్రతిష్ఠ వలన పాత పేరు మాత్రం నిలిచింది. ఆ పత్తితో మగ్గం నడిపిన కార్మికుల నోట 'సూరత్' అంటే నాసిరకం, కల్తీ అనే అర్థం స్థిరపడింది. తమ సరుకును 'సూరత్' అన్నారని బీరు తయారీదారులు కొందరు పరువునష్టం దావా వేయగా, 1863లో అది న్యాయస్థానంలో విచారణకు వచ్చింది. లాంకషైర్ మాండలిక కవి శామ్యూల్ లేకాక్ సూరత్ నేతగాని పేరిట ఒక గీతమే రచించాడు.

ఇంతకూ ఆ పత్తి చేసిన నేరమేమి? దాని పింజ పొట్టిది. అక్కడి యంత్రాలు పొడవు పింజ గల అమెరికా పత్తికి అలవాటు పడినవి. పోగు మాటిమాటికీ తెగేది, నేసిన బట్టను బట్టి కూలి గనుక కార్మికుని రాబడి పడిపోయేది. కనుక అతని ఫిర్యాదు అన్యాయం కాదు. కల్తీ కూడ లేకపోలేదు. పత్తి మోసాల నివారణకు బొంబాయిలో 1863లోనే చట్టం చేయవలసి వచ్చింది. అయితే పొట్టి పింజ పత్తితోనే మన వడుకరులు శతాబ్దాల పాటు ప్రపంచం కోరిన బట్టకు నూలు తీశారన్న సంగతి ఆ నిందలో ఎక్కడా కనబడదు. దోషంలో కొంత పత్తిది, కొంత యంత్రానిది. మాట మాత్రం మొత్తాన్ని పత్తి మీదనే మోపింది.

మన 'పేలవం' కథ కూడ దీనికి దూరం కాదు. సంస్కృతంలో ఈ పదానికి సుకుమారం, మృదువు, సన్నని అని అర్థాలు. కుమారసంభవం అయిదవ సర్గలో పార్వతిని తపస్సు నుండి మరలింపజూచిన మేన మాటలలో, శిరీష పుష్పం ప్రస్తావన వచ్చినచోట కాళిదాసు ఈ పదాన్నే వాడాడు. అక్కడ అది గుణం. నేటి తెలుగు సమీక్షలో అదే పదం పడితే రచన ముగిసినట్లే. సన్నదనం బలహీనతగా ఎప్పుడు మారింది? బిగ్గరగా పలికే రచనకే చెవులు అలవాటు పడిన తరువాత అనుకుంటాను. ఇది నా ఊహయే గాని నిరూపణ కాదు. 'నీరసం' దారి వేరు. రసం లేకపోవడం కాస్తా ఒంట్లో ఓపిక లేకపోవడమై, కావ్యం నుండి వైద్యుని గదికి చేరింది.

పారసీకం నుండి వచ్చిన 'సాదా', అరబ్బీ మూలంగల 'మామూలు', పారసీక 'పర్వా'కు మన 'లేదు' చేరిన 'ఫర్వాలేదు' మరొక తెగ. వీటిలో కోపం లేదు, ఆసక్తి కూడ లేదు. కచేరీ భాషకు ఇవి అందుకే నచ్చాయి కాబోలు!

వీటన్నిటిలో నాకు గౌరవం గల మాట 'చప్పన'. గుజరాతీలో దీనికి దీటైనది 'మోళుం'. భోజనం సూరత్‌లో, మరణం కాశీలో అని సామెత చెప్పుకునే ఊరిలో ఆ మాట చిన్న నింద కాదు. అయినా చప్పన అన్నపుడు ఏది తక్కువైందో వంటవానికి తెలుస్తుంది. ఉప్పు వేస్తాడు. పేలవం అన్నపుడు రచయిత ఏమి వేయాలి?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అనేకం. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడ ఉన్నది. అక్కడొక మరమగ్గాల షెడ్డులో వృద్ధ నేతగాని ముందు ఒక బట్ట చూపి, ఎట్లున్నదని అడిగాను. బాగున్నదనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. వేళ్ల నడుమ నలిపి, వెలుతురుకు ఎత్తి చూచి, "పేక పల్చగ పడ్డది సారూ, రెండు ఉతుకులకు జాలైతది" అన్నాడు. దోషం, దాని చోటు, దాని ఫలితం అన్నీ ఆ ఒక్క వాక్యంలో ఇమిడినవి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశంలో ఒక సంపుటాన్ని చేనేతకే కేటాయించడం ఎంత దూరదృష్టియో నాకు ఆ షెడ్డులో బోధపడింది. ఈ ఊరివాడే అయిన నర్మద్ 1873లో నర్మకోశం వెలువరించి గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పాడు. ఆయన ఇంటికి వెళ్లే తీరిక ఆ పర్యటనలో చిక్కలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక పాత దస్త్రం గుర్తుకు వచ్చింది. కొన్నేళ్ల క్రితం ఒక వలస కార్మికుడు పంపిన కథల వ్రాతప్రతిపై పరిశీలకుడు "పేలవంగా ఉన్నది, సాధారణ స్థాయి" అని వ్రాయగా, ఆర్థిక సహాయం నిరాకరిస్తూ నేను సంతకం చేశాను. ఏ కథ, ఏ పుట, ఎందువలన అని అడగలేదు. రచయితకు వెళ్లిన ఉత్తరంలో కూడ ఆ మాటలే ఉన్నవి. ఆయన మళ్లీ వ్రాయలేదు.

ఇపుడు మా పరిశీలన పత్రంలో అభిప్రాయం గడి క్రింద కారణానికి మరొక గడి చేర్చాము. పలువురు దానిని ఖాళీగానే వదలుతున్నారు. మొన్న ఒకరు మాత్రం నాలుగు పంక్తులు వ్రాశారు: మూడవ కథలో తల్లి తెలంగాణ పలుకుబడిలో మాట్లాడుతూ, కొడుకు చనిపోయిన చోట హఠాత్తుగా పాఠ్యపుస్తకపు భాషలోకి మారిందని, అక్కడ ఆమె గొంతు వినబడలేదని. ఆ పత్రం నకలును రచయితకు పంపించాను.