ఒక్క ఊపిరి విద్య

సిలిండరు కట్టుకుని స్కూబా చేసేవాళ్లంటే నాకు గౌరవమే. కానీ దక్షిణ కొరియాలోని జెజు దీవిలో సిలిండరు లేకుండా సముద్రంలో మునిగే స్త్రీలైన హెన్యోల పనితనం ముందు ఆ సరంజామా అంతా వెలవెలబోతుంది. వాళ్ల సామాను ఎంతని? అబలోన్ నత్తను రాతి నుంచి పెకలించే ఇనుప పట్టీ, నీటిమీద తేలే తెవాక్, దానికి వేలాడే వలసంచి. తెవాక్ అంటే ఒకప్పుడు ఎండిన సొరబుర్రే, మన ఊళ్లలో ఈత నేర్చే పిల్లల నడుముకు కట్టేలాంటిది. డెబ్బై దాటిన అవ్వలు ఒక్క ఊపిరితో పది మీటర్లు మునిగి, నిమిషంలో పైకి వచ్చి, మళ్లీ మునుగుతారు. రోజుకు ఏడు గంటలదాకా ఇదే పని!

ఒళ్లు ఇందుకు ఎలా సహకరిస్తుందో చూడండి. చన్నీళ్లు ముఖానికి తగిలి, ఊపిరి ఆగగానే వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. కాళ్లూ చేతుల్లోని రక్తనాళాలు బిగుసుకుని రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తాయి. ప్లీహం కుంచించుకుని దాచిన ఎర్రకణాలను బయటికి వదులుతుంది. మరోపక్క చలికి నోరడ్రినలిన్ పెరిగి మెదడు చురుకెక్కుతుంది. నీళ్లలో గుండె నిదానంగా, మనసు మెలకువగా ఉండటం వెనక ఇదంతా ఉంది. సిలిండరు గాలితో ముప్పై మీటర్లు దాటినవాళ్లకు నైట్రోజన్ ఎక్కించే మత్తు వేరు. అందులో తెలివి మందగిస్తుంది. హెన్యోకు ఉన్నది నికార్సయిన నిబ్బరం.

పైకి తేలగానే పెదాల సందులోంచి వదిలే ఈలను సుంబిసోరి అంటారు. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఆ సన్నటి కూతతో బయటికి పోతుంది. ఆ వెంటనే కొత్త గాలి. హడావుడి ఉండదు, రొప్పడం ఉండదు.

1960లలో శాస్త్రవేత్తలు వీళ్లను పరీక్షించారు. నూలు బట్టలతోనే శీతకాలపు సముద్రంలో దిగే ఆ స్త్రీల విశ్రాంతి జీవక్రియ చలికాలంలో 30 శాతం దాకా పెరిగేదట. 1970లలో రబ్బరు సూట్లు వచ్చాక ఆ శక్తి కొన్నేళ్లలోనే పోయింది. సూటు తప్పని నేననను, ప్రాణం ముఖ్యం. అయినా గుండె చివుక్కుమంటుంది.

అసలు ఒళ్లు మండేది ఇప్పటి చౌక పాఠాలను చూస్తే. వీడియోల్లో, ఈతకొలనుల్లో "గబగబా పది ఊపిర్లు తీసి మునగండి, ఆక్సిజన్ నిండుతుంది" అని చెబుతున్నారు. శుద్ధ అబద్ధం! నిండేది దాదాపు ఏమీ లేదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి తీసుకోమని పోరేది అదే. ఆ హెచ్చరిక చెరిగిపోతే మనిషి ఏ ఇబ్బందీ తెలియకుండానే నీటిలో స్పృహ తప్పుతాడు. హెన్యో గురువులు శిష్యురాలికి నేర్పేది దీనికి నేరుగా విరుద్ధం: కళ్లెదుట ఎంత పెద్ద నత్త ఉన్నా ఊపిరి చాలదనిపిస్తే వదిలేసి పైకి రా. ఆ పాఠం తలకెక్కడానికి ఏళ్లు పడుతుంది. వారాంతపు శిబిరంలో అది దొరకదు.

1960లలో 20,000కు పైగా ఉన్న హెన్యోలు ఇప్పుడు మూడు వేలైనా లేరు, ఉన్నవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. 2016లో యునెస్కో జాబితాలోకి ఎక్కించి చేతులు దులుపుకుంటే సరిపోదు. జెజు వెళ్లే తెలుగువాళ్లారా, పర్యాటకుల కోసం ఆడించే ప్రదర్శన చూసి ఫొటోతో తిరిగి రాకండి. హాదో గ్రామంలోని హెన్యో మ్యూజియానికి వెళ్లండి. ఒడ్డున గంపతో కూర్చున్న అవ్వ దగ్గర బేరమాడకుండా కొనండి.