కూరమడి లెక్క

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటి పైపైకి పోతుంటే రైతు ఇంట లక్ష్మీదేవి అని పత్రికలు రాశాయి. రెండు నెలలు తిరిగేసరికి అదే టమాటాకు కోత కూలి కూడా గిట్టలేదు. ఎకరాలకెకరాలు ఒకే పంట వేసి, ఒకే వారంలో కోసి, ఒకే మార్కెట్‌కు తోలే చోట ఇది కొత్తేమీ కాదు. బావి పక్కన కాస్త చెక్కలో పది రకాలు పెట్టుకున్న ఇంటికి ఆ జూలైలో లాటరీ తగలదు, ఆ సెప్టెంబరులో కొంపా మునగదు. చిన్న రైతు కూరమడికి ఉన్న అసలు బలం ఇదే. చాలామంది అనుకున్నట్టు మందులు కొట్టని కూర తినడమొక్కటే కాదు.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో దాదాపు ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలకు అటూ ఇటూ. అందులో వరికీ పత్తికీ పోగా కూరగాయలకు దొరికేది బోరు పక్కన ఒక చెక్క. సెంట్లలో ఇరవై అనుకోండి, గుంటల్లో ఎనిమిది.

ఈ కాస్త నేలలో మొదటి సూత్రం, ఏదీ ఒక్కసారిగా చేతికి రాకూడదు. మెంతికూర మూడు వారాల్లో, తోటకూర నెల లోపు కోతకొస్తాయి. బెండ నెలన్నరకు. బీర, కాకర రెండు నెలలకు. వంగ, టమాటా నారు పోసిన నాటి నుంచి లెక్కేస్తే మూడు నెలలు. దొండపాదు ఒకసారి పందిరెక్కితే మూడేళ్లు కాస్తుంది. మునగ, కరివేపాకు గట్టు మీద ఏళ్ల తరబడి ఉంటాయి. టమాటా సాళ్ల మధ్య ముల్లంగి వేస్తే టమాటా కమ్ముకునేలోపే ముల్లంగి వండుకుని తినేస్తాం. కొత్తిమీర మడంతా ఒక్కరోజే చల్లరు, పదిరోజులకొకసారి చారెడు చల్లుతారు. ధనియాలను ముందు చెప్పు కింద నలిపి బద్దలు చేయాలి, ఒక్కటిగా కనిపించే ఆ గుండ్రటి గింజలో ఉండేవి రెండు. తోటకూర విత్తనమైతే మరీ నలుసు. నేరుగా చల్లితే ఒకచోట గుబురుగా మొలిచి, పక్కన మూరెడు నేల ఖాళీగా ఉండిపోతుంది. అందుకే గుప్పెడు గింజకు నాలుగైదు గుప్పెళ్ల పొడి ఇసుక కలిపి చల్లుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సాగు కార్యక్రమం ఇదే పద్ధతిని 20 సెంట్లకు కుదించి ‘ఏటీఎం’ నమూనా అని పేరు పెట్టింది. ఎనీ టైమ్ మనీ అని దాని విడమరుపు. మన అమ్మమ్మలకు బ్యాంకు ఖాతా లేదు గానీ ఏటీఎం ఉండేదన్నమాట.

కార్తెలు చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు తీగచిక్కుడు పాదును ఒక ఏడాది గమనించాలి. పాత రకం చిక్కుడు గింజను ఆరుద్రలో పెట్టినా, మఖలో పెట్టినా పూత మాత్రం పొద్దు కురచబడ్డాకే. సంక్రాంతికి కాయ కావలసిందే, ముందు రమ్మంటే రాదు. పగలు ఎంత పొడుగుందో చూసుకుని పూసే జాతి అది. మరి వానల మొదట్లోనే పెట్టడమెందుకు? పూత దిగేనాటికి తీగ పందిరంతా అల్లుకుని ఉండాలి. ఎంత తీగ ఉంటే అంత గెల. గోంగూరకూ ఇదే గుణం ఉంది, కానీ మనకు అక్కడ కావలసింది పువ్వు కాదు, ఆకు. అందుకని జ్యేష్ఠంలో వేస్తే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు. చలి ముదిరాక వేస్తే జానెడు ఎత్తుకే మొగ్గ తొడిగి ఊరుకుంటుంది. ఇప్పుడొచ్చే పొట్టి చిక్కుడు రకాలకు ఈ పట్టింపు లేదు, నీళ్లుంటే ఏ కాలమైనా కాస్తాయి. వాటికి కార్తె అడగడం దండగ. వానకూ కార్తెకూ పొత్తు చెడిందని రైతులనేదీ నిజమే. అయినా పొద్దు లెక్క మారలేదు కదా, పాత విత్తనం ఉన్నంతకాలం పాత పంచాంగం పనికొస్తుంది.

ఇక నేల సంగతి. ఎర్ర చెలకలో నీళ్లు నిలవవు. దానికి పాతకాలం మందు చెరువు మట్టి. వేసవిలో చెరువు ఎండితే అడుగున మేట వేసిన నల్ల ఒండ్రును బండ్లతో తోలుకొచ్చి చెలకలో పరిచేవాళ్లు. ఆ సన్నమట్టి తడిని పట్టి ఉంచుతుంది, మొక్క రెండు మూడు రోజులు ఎక్కువ ఓర్చుకుంటుంది. బండ్లు పోయాక ఈ పని మూలపడింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని మళ్లీ తోలుకున్నారు. నల్లరేగడికి మాత్రం ఇది అక్కర్లేదు, అక్కడ బాధ నీరు నిలవడం. రెండో మందు గొర్రెల మంద. కోతలయ్యాక మందను పొలంలో కొన్ని రాత్రులు కట్టించి, కాపరులకు ధాన్యమో డబ్బో ఇస్తారు. పెంటికలూ మూత్రమూ పడ్డచోటే పడి నేలలో కలుస్తాయి, మోత కూలి లేదు. మూడోది జనుము. వేసి, పూత మొదలవగానే కలియదున్నేయాలి. పూత దాటితే కాడ నారెక్కి మట్టిలో త్వరగా చివకదు.

ఇప్పుడు ప్రకృతి సాగు అనగానే అందరి నోటా జీవామృతం. 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. చవక, ఇంట్లోనే అవుతుంది. కానీ దాన్ని ఎరువనుకుంటేనే చిక్కు. అది తోడు వంటిది, పాలు లేని గిన్నెలో తోడు వేస్తే పెరుగు రాదు. నేలలో ఆకూ అలమూ, పశువుల ఎరువూ ఏళ్ల తరబడి పడ్డచోట అది పని చేస్తుంది. కట్టెలు కూడా ఏరుకుపోయిన బోడి నేల మీద డ్రమ్ములకు డ్రమ్ములు పోసి ఫలితం లేదని వాపోతే తప్పు డ్రమ్ముది కాదు.

పురుగు దగ్గర కూరమడి పనితనం ఇంకా బాగా కనిపిస్తుంది. పొద్దున్నే వంగ సాళ్లలో తిరిగే ఆడమనిషి చూపు కాయల మీద ఉండదు, కొమ్మల చివర్ల మీద ఉంటుంది. మొక్కంతా నిటారుగా ఉండి ఒక్క చివురు మాత్రం వాడి తల వేలాడేస్తే, లోపల పురుగు దిగిందన్న మాట. వాడిన చోటికి బెత్తెడు కిందికి గోటితో తుంచి, కాడను చీల్చి చూస్తే గులాబీ రంగు తిరిగిన చిన్న పురుగు కనిపిస్తుంది. ఆ చివురును అక్కడే పారేయదు, ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెడుతుంది. నేల మీద పడేస్తే పురుగు బయటికొచ్చి గూడు కట్టుకుని, రెక్కలొచ్చి మళ్లీ తోటకే చేరుతుంది. కాపు మొదలు కాకముందు చివుళ్లు తుంచితే, తర్వాత పుచ్చు కాయలు తగ్గుతాయి. ఇరవై సెంట్లలో ఈ పని గంటసేపటిది. ఐదెకరాల్లో కూలి పెట్టి చేయించడం ఎవరి తరం? అందుకే అక్కడ డబ్బా వస్తుంది.

టమాటాలో బంతి వేయడం ఇప్పుడు అందరికీ తెలుసు, శనగపచ్చ పురుగు తల్లి బంతిపూల మీద గుడ్లు పెట్టడానికి మొగ్గు చూపుతుంది. తెలియంది వయసుల లెక్క. రెండూ ఒకేసారి నాటితే టమాటా పూసేనాటికి బంతి ఇంకా ఆకు మీదే ఉంటుంది, ఎర లేని గాలంలా. 25 రోజుల టమాటా నారు పక్కన 45 రోజుల బంతి నారు పెట్టాలి, పదహారు సాళ్లకు ఒక సాలు బంతి. మడి చుట్టూ నాలుగు వరసల జొన్న మరో కంచె, తెల్లదోమను కొంతవరకు అది అడ్డుకుంటుంది. ఆ దోమే బెండకు పల్లాకు తెగులు తెస్తుంది. ఈనెలు పచ్చబడిన బెండ మొక్కకు మందు లేదు. కనిపించిన రోజే పీకేయాలి, జాలిపడితే వరసంతా పోతుంది.

ఇంకా కొట్టక తప్పదంటే వేపగింజల కషాయం. ఐదు కిలోల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి వంద లీటర్లు చేసుకోవాలి. కానీ ఎప్పుడు కొడుతున్నామో చూసుకోవాలి. గుమ్మడి, కాకర, దోస పువ్వులు తెల్లవారి విచ్చుకుంటాయి, తేనెటీగలు వాటి మీద వాలేది పొద్దున్నే. బీర, సొర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి. తెల్లటి సొరపువ్వు మీదికి చీకటి పడ్డాక రెక్కలపురుగులు వస్తాయి. ఒకే పందిరి మీద గుమ్మడీ సొరా ఉంటే కొట్టే వేళ ఏది? పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయని మళ్లీ మందుల దుకాణానికి వెళ్లే చాలామందికి, రాలగొట్టింది తమ డబ్బాయేనని తట్టదు.

విత్తనం దగ్గర కడుపు కట్టుకోవాలి. బెండకాయను చెట్టు మీద ముదరనిస్తే ఆ మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది, దోసపాదూ అంతే. అందుకని విత్తనానికి మొదట్లోనే ఒకటి రెండు మంచి మొక్కలు ఎంచి, గుర్తుకు గుడ్డపీలిక కట్టి, వాటి కాయ కోయకుండా వదిలేస్తారు. మొదటి కాయ వద్దు, చివరి కాయ వద్దు, నడిమి కాపు కావాలి. వంకాయ పసుపు రంగుకు తిరిగి మెత్తబడేదాకా ఉంచి, పిసికి, నీళ్లలో కడిగి మునిగిన గింజల్నే ఏరి, బూడిద పట్టించి ఆరబెడతారు. బీరకాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. దాన్ని వాసానికి వేలాడదీస్తే వచ్చే ఏటిదాకా పెంకే డబ్బా. పక్కింటి పందిరి మీద వేరే బీర ఉంటే విత్తనం కలిసిపోతుంది, టమాటాకు ఆ భయం తక్కువ. హైబ్రిడ్ కాయ గింజ దాచినా మాత్రం వచ్చే ఏడు తల్లిలా కాయదు, ఒక్కో మొక్క ఒక్కో తీరు.

కలుపును కూరగా చూసేవాళ్లూ ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల పొలాల్లో తుమ్మికూర, దొగ్గలికూర, గంగవాయిలి, పొన్నగంటి ఎవరూ విత్తకుండా మొలిచేవే. పాత పంటల విత్తనాలను ఎడ్లబండ్ల మీద పేర్చి వాళ్లు ఏటా చేసే జాతరకు దేశమంతటా పేరుంది. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అందులో నాకు ముఖ్యమనిపించేది పురస్కారం కాదు. కలుపు మందు కొట్టిన చేనులో ఈ కూరలుండవు, రైతు ఖర్చుల ఖాతాలో ఆ నష్టం ఎక్కడా రాసి ఉండదు.

అమ్మకం చిన్న రైతుకు ఎప్పుడూ తలనొప్పే. రోజూ వచ్చేది రెండు గంపలు, పది కట్టలు. దాన్ని కమీషన్ దుకాణానికి తీసుకుపోతే లెక్కలోకే తీసుకోరు. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లు ఈ రెండు గంపల కోసమే పెట్టినవి, గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్ముకుంటాడు. బజారు దగ్గరున్న ఊళ్లకు ఇది నిజంగా అన్నం పెట్టింది. దూరంగా ఉన్నవాళ్లకు తెల్లవారుజామున బస్సులో గంప ఎక్కించనిచ్చే కండక్టరే దేవుడు. చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్లది. తుంచడం, ఏరడం, కట్టలు కట్టడం, విత్తనం దాచడం వాళ్లవంతు. పట్టా పాసుపుస్తకంలో పేరు చాలాసార్లు ఇంకొకరిది.

పైన చెప్పినవాటిలో ముఖ్యమైనవన్నీ ఏళ్లు పట్టే పనులు. చెరువు మట్టి ఫలితం ఒక్క పంటతో తీరేది కాదు, రాతికడ్డీల పందిరి ఖర్చు రెండు మూడేళ్లకు గానీ తిరిగి రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం 11 నెలలకు, అదీ భూయజమాని సంతకం పెడితే. దొండపాదు మొదటి ఏడాది కాపు పూర్తికాకముందే ఆ గడువు తీరుతుంది. కౌలు రైతులు పందిరి జోలికి పోకుండా పాలకూర, తోటకూర, కొత్తిమీరలతో సరిపెట్టుకోవడం తెలియక కాదు. పక్క చేనులో సొంతదారు తోలించుకున్న మట్టి కుప్పలు కళ్లెదురుగానే ఉన్నా, వచ్చే ఏడు ఎవరు దున్నుతారో తెలియని నేలకు ట్రాక్టరు కిరాయి వాళ్లెందుకు పెడతారు?