ఈటె విసిరేవాడికి న్యాయం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమ పుస్తకం ఎంత లావుగా ఉన్నా, ఆడే ప్రతి బల్ల దగ్గరా కొన్ని సొంత నియమాలు పుడుతూనే ఉంటాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. నలుగురైదుగురు చేరి, ఒక్కొక్కరూ ఒక్కో వీరుడి తరఫున మాట్లాడుతూ, తేలని సంగతుల్ని పాచికలతో తేల్చుకుంటారు. కథ నడిపే డంజన్ మాస్టరే తీర్పరి కూడా. ఇందులో హౌస్ రూల్ అంటే, గల్లీ క్రికెట్‌లో బంతి పక్కింటి గోడ దాటితే అవుట్ అనుకోవడం లాంటిది. ఆ గోడతో ఇబ్బంది పడ్డవాళ్ళే ఆ నియమం పెట్టుకుంటారు. విసిరే ఆయుధాల కోసం ఆటగాళ్ళు చేసుకున్న హౌస్ రూల్స్‌ని పరిశీలిస్తే నాకు ఒక విషయం గట్టిగా అనిపిస్తుంది. దెబ్బ బలం పెంచిన నియమాలు దారి తప్పాయి. వీరుడి చేతికి వెసులుబాటు ఇచ్చిన నియమాలే నిలిచాయి.

చిక్కు ఎక్కడుందో 2014 నాటి ఐదో ఎడిషన్‌లో చూడాలి. ఐదో లెవెల్‌కి చేరిన ఫైటర్, అంటే ఆయుధాలతో పోరాడే వీరుడు, ఒక వంతులో రెండుసార్లు దాడి చేయవచ్చు. విల్లు పట్టినవాడికి అంబులపొదిలోంచి బాణం తీయడం దాడిలో భాగమే, కాబట్టి రెండు బాణాలూ వెళ్ళిపోతాయి. ఈటె విసిరేవాడికి ఆ సౌకర్యం లేదు. వంతుకి ఒక వస్తువును మాత్రమే ఊరికే అందుకోవచ్చన్న సాధారణ నియమం అతన్ని కట్టేస్తుంది. చేతిలో ముందే ఒక ఈటె ఉంటే మొదటి వంతులో రెండు విసరగలడు. ఆ తర్వాత వంతుకి ఒక్కటే. లెక్క వేసి చూడండి. ఈటెకి ఆరు ముఖాల పాచిక, దానికి బలం తాలూకు నాలుగు కలిపితే సగటు దెబ్బ 7.5. లాంగ్‌బో అనే పొడవాటి విల్లుకి ఎనిమిది ముఖాల పాచిక, నేర్పు తాలూకు నాలుగు కలిపితే 8.5. రెండు బాణాలూ తగిలితే 17, ఈటె తగిలితే 7.5. పదకొండో లెవెల్‌లో మూడో దాడి వచ్చాక విలుకాడు 25.5కి చేరతాడు. ఈటెవాడు మాత్రం ఉన్నచోటే ఉంటాడు.

చాలామందికి మొదట తట్టే విరుగుడు పాచిక మార్చడం. ఈటెకీ ఎనిమిది ముఖాల పాచిక ఇస్తే సరిపోతుందనుకుంటారు. అప్పుడు ఒక్క ఈటె దెబ్బ 8.5 అవుతుంది, అది ఇంకా 17లో సగమే. పైగా అసలు ఇబ్బందే లేని మొదటి లెవెల్ ఆటగాడికి అక్కర్లేని లాభం ముట్టింది. అదే, ఆయుధం తీయడాన్ని దాడిలో భాగం చేసి చూడండి. రెండు ఈటెలు, మొత్తం 15. విలుకాడి వెనకే, అతనికి దగ్గరగా. నియమంలో మారింది ఒక్క వాక్యం.

చేయి వదిలేస్తే హద్దు దాటిపోదా అన్న భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1989 నాటి రెండో ఎడిషన్‌లో డార్ట్ అనే చిన్న విసురుడు ముల్లును ఒక రౌండ్‌లో మూడుసార్లు వేయవచ్చు, బాణాలు రెండే. కండబలం వల్ల వచ్చే అదనపు దెబ్బ ప్రతి డార్ట్‌కీ కలుస్తుంది. దాంతో గుప్పెడు ముళ్ళు విసిరే బలశాలి ముందు కత్తివీరులు తేలిపోయేవారు. అక్కడి తప్పు విసిరేవాడికి అందరికంటే ఎక్కువ దాడులివ్వడం. ఇక్కడ అడుగుతున్నది అతనికి హక్కుగా ఉన్న దాడుల్ని వాడుకోనివ్వమని మాత్రమే.

రెండో అభ్యంతరం వాస్తవికత గురించి. ఆరు సెకన్ల రౌండ్‌లో రెండు మూడు ఈటెలు ఎలా తీస్తాడంటారు. బాణం తీసి, నారికి తగిలించి, లాగి, గురిచూసి వదలడానికి ఆ ఆరు సెకన్లే చాలినప్పుడు, ఈటె దగ్గర మాత్రం గడియారం చూడటం న్యాయం కాదు. ప్రాచీన రోమ్‌లో వెలైట్లు అనే తేలికపాటి కాల్బలం చిన్న డాలూ కత్తితో పాటు పలు ఈటెలు పట్టుకునే యుద్ధానికి దిగేది. ఇక ఈటెవాడికి డాలు కూడా ఉంటుంది కదా అన్నది నిజంగా ఆలోచించాల్సిన మాట. విల్లుకి రెండు చేతులూ కావాలి, ఈటెకి ఒకటి చాలు. కానీ దానికి మూల్యం పుస్తకంలోనే ఉంది. లాంగ్‌బో 150 అడుగుల దాకా మామూలుగా కొడుతుంది. ఈటెకి 30 అడుగులే. అది దాటితే దెబ్బ తగిలిందో లేదో తేల్చే పాచికను రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి, 120 తర్వాత అదీ లేదు. ఒక బంగారు నాణేనికి ఇరవై బాణాలొస్తే ఈటెలు రెండే వస్తాయి. అందుకే హౌస్ రూల్ పెట్టేటప్పుడు ఈ దూరాన్నీ ధరనీ ముట్టుకోకూడదని నా పట్టు. డాలుకి సమాధానం అవే.

ఈ వాదన చివరికి ప్రచురణకర్తలకీ నచ్చినట్టుంది. 2020లో వచ్చిన ఒక అనుబంధ గ్రంథంలో, విసరడం ప్రత్యేకంగా నేర్చినవాడికి ఈ వెసులుబాటుతో పాటు దెబ్బకి రెండు కలిపి ఇచ్చారు. 2024 నాటి సవరించిన పుస్తకంలో వెసులుబాటును విసిరే ఆయుధాలన్నిటికీ వర్తింపజేశారు, దెబ్బ పెంపు మాత్రం ఆ ప్రత్యేక శిక్షణకే వదిలేశారు. ఎన్నో బల్లల దగ్గర ఆడి చూసిన మార్పు అలా మూలనియమమైంది.

మంత్రాయుధాల చిక్కు మాత్రం మిగిలే ఉంది. మంత్రించిన విల్లు తను వదిలిన ప్రతి బాణానికీ శక్తినిస్తుంది. మంత్రించిన ఈటె ఒకసారి విసిరితే శత్రువు కాళ్ళ దగ్గర పడి ఉంటుంది. 2014 నియమాల్లో తోడేలు మనిషిని మామూలు ఇనుము ఏమీ చేయలేదు. వెండిదో మంత్రించిందో కావాలి, అదేమో ఒక్క వేటుతో చేజారిపోయింది. విసిరిన ఆయుధం వెంటనే చేతికి తిరిగి రావాలన్నది ఎక్కువగా వినిపించే హౌస్ రూల్. అది ఆటలోంచి ఒక రుచిని తీసేస్తుందని నా అభిప్రాయం. బల్ల మీది పటంలో ఈటె పడ్డ గడిలో ఒక చిన్న పాచిక గుర్తుగా పెట్టే బల్లల దగ్గర ఆ గడే యుద్ధానికి కేంద్రమవుతుంది. దాన్ని అందుకోవడానికి వీరుడు శత్రువు పక్కనుంచి దూసుకెళ్ళాలా, లేక మరో ఆయుధం తీయాలా అన్నది అసలైన నిర్ణయం. నాకు నచ్చే మార్గం, మంత్రశక్తిని ఈటెకి కాకుండా వీరుడి నడికట్టుకి ఇవ్వడం. ఆ పట్టీలోంచి తీసిన ఏ బాకైనా, చేతిగొడ్డలైనా ఆ వంతు ముగిసేదాకా మంత్రించినదే. విసిరినవి మాత్రం పడ్డచోటే ఉంటాయి. పట్టీలో ఆరింటికి మించి పట్టవని కూడా ముందే చెప్పుకుంటే, ఎప్పుడు విసరాలో ఎప్పుడు ఏరుకోవాలో ఆటగాడే తేల్చుకుంటాడు.