కొత్త స్థలం, కొత్త పాత్ర: తెలుగు విజ్ఞాన కాల్పనిక చిత్రాల్లో నవ్యతకు ఆధారం

ప్రస్తావన

ఒకే కాల్పనిక లోకంలో పలు కథలు నడిచినప్పుడు రెండో కథ నుంచే పునరుక్తి భయం మొదలవుతుంది. కొత్త ప్రాంతాలను, పాత్రలను చేర్చడం దీనికి తరచుగా చెప్పే పరిష్కారం. అయితే చేర్పు వేరు, నవ్యత వేరు. స్థలానికి తనదైన నియమం ఉండి, అది పాత్రను ఒక నిర్ణయం వైపు నెట్టినప్పుడే నవ్యత సిద్ధిస్తుంది.

1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలో ఓడ ఒక గ్రహంలోని చిక్కును అక్కడే వదిలి ముందుకు సాగేది. 1993 నాటి 'డీప్ స్పేస్ నైన్' అదే లోకాన్ని కదలని అంతరిక్ష కేంద్రం నుంచి చూపింది. అక్కడ చేసిన పనికి ఫలితాన్ని అక్కడే ఉండి అనుభవించాలి. స్థలంతోపాటు కథాధర్మమూ మారింది.

రెండు తెలుగు నమూనాలు

సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991)లో ప్రయాణికులు మారరు, కాలం మారుతుంది. 1526 నాటి విజయనగరం, 2504 నాటి భూగర్భ జీవనం వారిని రెండు విధాలుగా పరాయివారిని చేస్తాయి. ఆస్థానంలోని వజ్రమే వర్తమానంలో చోరుల లక్ష్యం కావడం వల్ల కాలాలు విడివిడి దృశ్యాలుగా మిగలలేదు.

నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' (2024) ప్రధానంగా స్థలభేదంపై నిలిచింది. కాశీ, కాంప్లెక్స్, శంబల అనే మూడు లోకాల మధ్య కథ నడుస్తుంది. కాంప్లెక్స్‌లోకి వెళ్లడానికి భైరవ యూనిట్లు కూడబెడతాడు. సుమతి అక్కడి నుంచే ప్రాణాలతో బయటపడుతుంది. ఒకరికి స్వర్గమైనది మరొకరికి చెర. ఈ చిత్రంలోని అసలు నవ్యత ఈ వైరుధ్యంలో ఉంది.

అయితే చివర భైరవను కర్ణునిగా సూచించడంతో కొత్త పాత్ర స్వేచ్ఛ కొంత కుదించుకుపోయింది. అతని భావి నిర్ణయాలను కాశీ జీవితం కాక పురాణస్మృతి శాసించే ప్రమాదం ఏర్పడింది. అతిథి పాత్రల్లో కొన్ని నటుల ప్రసిద్ధి మీద ఆధారపడ్డాయే తప్ప కథావసరం మీద కాదు. దీనికి భిన్నంగా, పురాణ మూలం లేని బుజ్జి అనే వాహనం భైరవతో సాగించే సంవాదం తాజాగా ఉంది. చిత్రానికి ముందు వచ్చిన యానిమేషన్ ధారావాహిక 'బుజ్జి అండ్ భైరవ'కు ఆ బంధమే ఆధారమైంది.

ఓరుగల్లు అవకాశం

ఇటువంటి లోకాలను విస్తరించడానికి ఓరుగల్లు సీమ ఒక నియమాన్నే అందించగలదు. కాకతీయ తోరణాన్ని వెనుక నిలిపితే అది అలంకారమే. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ అలాంటిది కాదు. పై చెరువు అలుగు పోస్తేనే కింది చెరువుకు నీరు. నీరు కరవైన భవిష్యత్తులో పై ఊరి తూము దగ్గర నిలిచిన నీరటి ఎవరి పక్షాన ఉండాలి? ఈ ప్రశ్న మరో స్థలంలో ఇదే రూపంలో పుట్టదు. పాత్ర, సంఘర్షణ రెండూ చెరువు కట్ట మీదే జన్మిస్తాయి.

ముగింపు

కథ నుంచి ఆ స్థలాన్ని తొలగిస్తే పాత్ర నిర్ణయం మారుతుందా అన్నదే నవ్యతకు గీటురాయి. మారకపోతే జరిగింది రంగాలంకరణ మాత్రమే. పురాణం, చరిత్ర తెలుగు విజ్ఞాన కల్పనకు బలమైన వనరులే. కానీ కొత్త పాత్రలకు పాత పేర్లే గమ్యమైతే, ఎన్ని లోకాలు చేరినా కథ ఒక్కటే అవుతుంది.