ఒంటిమీదికొచ్చే మాట

ఈ వారం లీడ్స్‌లో ఒక తెలుగు సినిమా మొదటి ఆటకి వెళ్ళాను. హీరో తెరమీదికి రాగానే యూనివర్సిటీ పిల్లలంతా లేచి ఒకటే ఈలలు. "పూనకాలే అన్నా!" అని వెనక వరసలోంచి ఒకడి కేక. 2023 నాటి 'వాల్తేరు వీరయ్య' సినిమా పాట వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది. నాకు చిరాకేసింది. పెద్ద మాటల్ని చవగ్గా వాడొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు.

ఇంగ్లీషువాళ్ళ 'ఎంథూజియాజమ్' కూడా పుట్టుకతో పూనకమే. గ్రీకులో 'ఎన్' అంటే లోపల, 'థియోస్' అంటే దేవుడు. 1755 ఏప్రిల్‌లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు దానికిచ్చిన మొదటి అర్థం, దేవుడు తనకొక్కడికే చెబుతున్నాడనుకునే వట్టి భ్రమ అని. అప్పటికది తిట్టు. మరుసటి నెలలోనే మెథడిస్టుల నాయకుడు జాన్ వెస్లీ తన బోధకుల్ని ఇదే లీడ్స్‌లో సమావేశపరిచి, ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోవాలా వద్దా అని చర్చించాడు. మెథడిస్టుల మీద లోకం వేసిన నింద ఈ మాటే. వెస్లీ దాన్ని వెనకేసుకు రాలేదు. 1750లో అచ్చయిన ఉపన్యాసంలో తానూ దాన్ని ఒక రకం పిచ్చి కిందే జమకట్టాడు. ఇప్పుడు గోదాములో పెట్టెలు సర్దే ఉద్యోగానికి కూడా దరఖాస్తులో ఆ గుణం ఉందని రాయాల్సిందే. దేవుడు అందులోంచి ఎప్పుడో దిగిపోయాడు.

మన మాటకీ అదే గతి పడుతుందని రాయబోయాను. ఇంతలో రంగం గుర్తొచ్చింది.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో ఆదివారం బోనాలయ్యాక సోమవారం పొద్దున రంగం. చిన్నప్పుడు అమ్మ భుజమ్మీది నుంచి చూశాను. అమ్మవారు పూని భవిష్యం చెప్పే ఆమె ముఖం నిండా పసుపు, చేతిలో వేపమండలు, కాళ్ళ కింద పచ్చి కుండ. కాల్చని మట్టి అది, మనిషి బరువుకి కుంగిపోవాలి. నా చూపంతా ఆ కుండ అంచు మీదే. వానలు పడతాయా తల్లీ, పంటలెలా ఉంటాయి, పిల్లాజెల్లని చల్లగా చూస్తావా అని అడుగుతారు. అంతదాకా తోసుకున్న జనం ఒక్కసారిగా చెవులు రిక్కిస్తారు. "ఏమన్నది, ఏమన్నది?" అని వెనకవాళ్ళు ముందువాళ్ళని గుసగుసగా అడుగుతారు. పూజల్లో ఏదో తక్కువైందని తల్లి కోప్పడిన ఏడు అమ్మ ముఖం సాయంత్రందాకా వాడిపోయి ఉండేది.

ఆ రంగం ఏటా ఆషాఢంలో ఇప్పటికీ జరుగుతోంది. అడిగేవాళ్ళున్నారు, జవాబు చెప్పే తల్లీ ఉంది. అందుకే ఆ పిల్లల మీద నా చిరాకు నిలవలేదు. థియేటర్లో ఎంత అరిచినా ఆ మాటకొచ్చే లోటేమీ లేదు. వాళ్ళలో బోనమెత్తే అమ్మల బిడ్డలు ఎందరో ఉంటారు.

సెలవులకి ఇంటికెళ్ళే పిల్లలకి ఒక్కటే చెబుతాను. ఆదివారం ఫలహారం బళ్ళు, పోతరాజుల ఆట చూసి తిరిగొచ్చేయకండి. సోమవారం కూడా వెళ్ళండి. మాట వినపడేంత దగ్గరగా చోటు కావాలంటే బాగా ముందే చేరుకోవాలి.